మెడనొప్పి - మన అపోహలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో మెడనొప్పి మాట వినబడని ఇల్లు అరుదు. కోచింగ్ కోసం వచ్చి హాస్టలు గదుల్లో మంచం మీదే పుస్తకాలు పరుచుకుని చదివే విద్యార్థులు, విజయవాడ రోడ్డు మీద రోజూ స్కూటరు నడిపే ఉద్యోగులు, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చాక దారిపొడుగునా సెల్‌ఫోన్‌లోకి తలవంచుకుని ప్రయాణించేవారు - అందరిదీ ఒకటే మాట: "స్పాండిలైటిస్ అట!" నొప్పికంటే ఆ పేరే ఎక్కువ భయపెడుతుంది. ఆ భయంతో చేసుకునే వైద్యాలు ఒక్కొక్కసారి నొప్పిని మించిన కీడు చేస్తాయి.

ఎముక అరిగిందా?

వయసు వస్తున్నకొద్దీ జుట్టు నెరిసినట్లే, మెడపూసల నడుమ మెత్తలవంటి డిస్కులు పలచబడతాయి. ఎక్స్‌రేలో కనబడే "అరుగుదల" చాలామటుకు ఇదే. ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్.ఆర్.ఐ. తీసి, ఆ ఫలితాలను జపాను వైద్యులు 2015లో ప్రచురించారు. వారిలో నూటికి 87 మందికి డిస్కు ఉబ్బు ఉంది! ఇరవై ఏళ్ళ ప్రాయంవారిలోనూ ఎక్కువమందికి కనిపించింది. కనుక రిపోర్టులో మాట చూసి బెంగపెట్టుకోవద్దు. మామూలు మెడనొప్పికి వెంటనే స్కానింగ్ అవసరం లేదు.

గంటలకొద్దీ ఒకే తీరున కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, మనసులో ఆందోళన - ఇవి కలిసి మెడ కండరాలను బిగిస్తాయి. ఇలా వచ్చిన నొప్పి సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

కాలరు, దిండు, హెల్మెట్

కాలరు పెట్టుకుంటే మెడ బాగుపడుతుందని చాలామంది నమ్మకం. వైద్యుడు చెప్పనిదే నెలల తరబడి వాడితే కండరాలు బలహీనపడి, మెడ మరింత బిగుసుకుపోతుంది. దిండు పూర్తిగా మానెయ్యాలన్నదీ అపోహే. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తల వాలిపోకుండా, పైకి లేవకుండా ఉంచే దిండు చాలు.

హెల్మెట్ బరువుకు మెడ అరిగిపోతుందని దాన్ని చేతికి తగిలించుకుని తిరిగేవారూ ఉన్నారు. అందుకు ఆధారం లేదు. ప్రాణం కాపాడేదాన్ని ఈ సాకుతో తీసెయ్యకండి. తలకు సరిపోయేదాన్ని ఎంచుకోండి.

కళ్ళు తిరిగితే?

కళ్ళు తిరగగానే "మెడ ఎముక వల్లే" అనుకోవడం పరిపాటి. పక్క మీద అటునుంచి ఇటు తిరిగినప్పుడు గది గిర్రున తిరిగినట్లుంటే, కారణం చాలాసార్లు లోపలి చెవిలో ఉంటుంది. దానికి వైద్యం వేరు.

మెడ విరిపించుకోవద్దు

క్షవరం అయ్యాక మెడను 'టక్కు'మనిపించుకోవడం కొందరికి సరదా. మెడపూసల గుండా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలున్నాయి. మెడను విసురుగా తిప్పితే అవి అరుదుగానైనా చిరిగి, పక్షవాతం రావచ్చు. బ్యూటీ పార్లర్లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న 50 ఏళ్ళ మహిళకు మెదడులో రక్తప్రసారం దెబ్బతిన్న సంగతిని హైదరాబాదు న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ 2022లో వెల్లడించారు. ఇది తరచు జరిగేది కాదు. కాని జాగ్రత్త అవసరం.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు రోజూ మింగడమూ మంచిది కాదు. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ, రక్తపోటు పెరుగుదల వాటివల్ల రావచ్చు.

ఏమి చెయ్యాలి?

పూర్తిగా పడుకుండిపోకండి. వేడినీళ్ళ కాపడం ఉపశమనమిస్తుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. ఫోను కళ్ళ ఎత్తుకు పట్టుకోండి. ఉద్ధృతి తగ్గాక చిన్న వ్యాయామం: అరచేతిని నుదుటికి ఆనించి, తలతో చేతిని మెల్లగా నెట్టండి. చెయ్యీ తలా కదలకూడదు. 5 సెకండ్ల చొప్పున 5 సార్లు చేసి, తల వెనుక, రెండు పక్కలా అలాగే చెయ్యండి. నొప్పి ఎక్కువైతే ఆపండి.

వీటిని మాత్రం ఉపేక్షించవద్దు

చేతిలో పట్టు తగ్గడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, మూత్రంపై అదుపు తప్పడం వెన్నుపాము మీద ఒత్తిడికి సూచనలు. జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయవంటి వ్యాధి ఉందేమో చూడాలి. ప్రమాదం తరువాత వచ్చిన నొప్పికీ వెంటనే పరీక్ష కావాలి. మెడనొప్పితో పాటు గుండె బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. హఠాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా పక్షవాతం కావచ్చు. ఈ రెండింటిలోనూ కాపడాలతో కాలయాపన చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి.