గేమ్ డెవలపర్ అవ్వాలా? ముందు ఒక గేమ్ పూర్తి చేద్దాం

మా పరకాల వైపు "గేమ్స్ తయారు చేస్తా" అంటే ఇంట్లో మొదట అడిగేది "జీతం ఎంతొస్తది?" అనే. అడగడంలో తప్పేం లేదు. చాలామందికి చదువు అప్పులు ఉన్నాయి. అందుకే లెక్క మనమే ముందు వేసుకోవాలి.

అవకాశం ఉందా? ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ తెచ్చింది. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో చిన్న టీమ్‌తో చేసిన 'అసుర' 2017లో స్టీమ్‌లో విడుదలైంది. రిస్క్ కూడా ఉంది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది.

పని ఎలా ఉంటుంది? ఆడటం వేరు, చేయడం వేరు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఆలోపే ఏ బటన్ నొక్కారో చూడాలి, బొమ్మల్ని కదిలించాలి, ఏది దేనికి తగిలిందో లెక్కగట్టాలి, స్క్రీన్ మీద గీయాలి. పరీక్ష కోసం బట్టీ పట్టిన వెక్టర్లు, మాట్రిక్సులు ఇక్కడ నిజంగా పనికొస్తాయి.

మరి తేల్చుకునేదెలా? గోడో ఇంజిన్ ఉచితం. యూనిటీలో సీ షార్ప్, అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్ వాడతారు. ఏదో ఒకటి పట్టుకుని, సెలవుల్లో ఒక్క లెవెల్ గేమ్ చేయండి. మెనూ, సౌండ్, గెలుపు, ఓటమి అన్నీ ఉండాలి. ఫ్రెండ్స్‌తో ఆడించి, వాళ్లు చెప్పిన బగ్స్ సరిచేయండి.

ఆ బోరు పని కూడా నచ్చితే స్టూడియోలకు అప్లై చేయండి. నచ్చకపోతే గేమ్స్ ఆడుకుందాం, ఉద్యోగం వేరేది చూసుకుందాం. ఇంకా డౌటే అంటే మామూలు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరి, వీకెండ్స్‌లో రెండో గేమ్ మొదలుపెట్టొచ్చు.