రాణి గతించినను నిలిచిన నాణెము

పాతకాలపు వెండి నాణెములను కూర్చుకొను ముచ్చట మన సోదరీమణులలో కొందఱికి గలదు. నాణెముపై నున్న సంవత్సరమే దాని వయస్సని నమ్మి అధికమూల్య మిచ్చువారును గలరు. ఆ నమ్మిక యెల్లయెడల చెల్లదనుటకు ఆస్ట్రియా రాణి మరియా థెరీసా పేరిటి నాణెమే తార్కాణము. దీనిని థాలరందురు.

ఈమె 1740 మొదలు 1780 వఱకు రాజ్యమేలెను. 1765లో భర్త గతించిన పిదప వైధవ్యవేషమును విడువలేదు. నాణెముపై ఆమె శిరస్సున నున్న ముసుగు దానికి గుఱుతు. రెండవ ప్రక్క రెండుతలల గ్రద్ద గలదు. తూకము 28 గ్రాములు, అనగా సుమారు 2.4 తులములు. అందు ఆఱింట అయిదుపాళ్లు వెండి.

1780 నవంబరు 29వ తేదీన రాణి కన్నుమూసెను. నాణెము మాత్రము నిలిచెను. అరేబియా, ఇథియోపియా మొదలగు దేశముల వర్తకులు ఈ రూపమునకే అలవాటుపడి, క్రొత్త ముఖముగల నాణెము నొల్లరైరి. రాణి భుజమునందలి పతకపు ముత్యములను పరికించి మఱి పుచ్చుకొనెడివారట. అక్కడి స్త్రీలు దీనిని హారములందు గ్రుచ్చి ధరించిరి. కావున టంకశాలలవారు 1780 అనియే మరల మరల ముద్రించిరి. ఇటలీ ఇథియోపియాపై దండెత్తిన 1935లో రోమునందును, ఆ దశాబ్దముననే పారిసు, లండను నగరములందును, రెండవ ప్రపంచయుద్ధకాలమున మన బొంబాయి టంకశాలయందును ఇది అచ్చొత్తబడెను. వియన్నాలో నేటికిని ముద్రించుచున్నారు.

అట్లయిన మరుముద్రణములు దొంగనాణెములా? కావు. టంకశాలలు ముద్రించినవానిలో వెండికి లోపములేదు. లోపమెల్ల వానిని రాణికాలపువని చెప్పి విక్రయించుటయందే యున్నది. గుంజ్‌బుర్గు టంకశాలాధికారుల పేళ్ల తొలి యక్షరములైన ఎస్., ఎఫ్. అనునవి సైతము మరుముద్రణములందు నిలిచినవి గనుక, అక్షరములను జూచియు మోసపోవచ్చును. పతకపు ముత్యముల పొందిక, గ్రద్ద తోక యీకలు, అంచునందలి పూలచెక్కడము, వీనిని బట్టియే నేర్పరులు ఏది యెక్కడిదో నిర్ణయింతురు.

కావున సోదరీమణులారా! ఇట్టి నాణెమును కొనునపుడు ముందు తూచి వెండివెల కట్టుడు. అంతకు మించి యడిగినచో, తెలిసినవారికి చూపినగాని పైక మీయకుడు. ఇంటనున్న నాణెములను చింతపండుతో తోమకుడు. ఆ సన్నని గుఱుతు లరిగిపోయినయెడల నిజముగా పాతదైనను దానిని నిరూపించు సాక్ష్యము మిగులదు. మరుముద్రణమే మీకడ నున్నచో చిన్నబుచ్చుకొన బనిలేదు. గతించిన రాణి ముఖమును దూరదేశీయులు ఇంతకాలము నమ్మిన కథకు అదియు సాక్షియే యని మేము తలంతుము.