బారీ పట్టణపు పెత్రుజెల్లి నాటకశాల

ఇటలీదేశపు పటము పాదరక్షవలె గన్పట్టునని భూగోళ పాఠములలో చెప్పుచుందుము. ఆ పాదరక్ష మడమకు కొంచెము పైగా ఏడ్రియాటిక్ సముద్రతీరమున బారీ యను రేవుపట్టణము కలదు. పరిశుద్ధుడగు నికొలాసుగారి అస్థులు 1087వ సంవత్సరమున నచ్చటికి కొనిరాబడినందున క్రైస్తవలోకమున నా పేరు ప్రాచీనమైనదే. అయితే మేమిచట వ్రాయబూనినది ఆ దేవాలయమును గూర్చి కాదు. అదే పట్టణమున కావూర్ వీధినున్న యెఱ్ఱని గోడల నాటకశాలను గూర్చి. నాటకశాలల ప్రశంస మిషను పాఠశాల పత్రికకు తగునా యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. ఈ కట్టడపు కథ విన్నపిమ్మట వారే తీర్పు చెప్పుదురుగాక.

పందొమ్మిదవ శతాబ్దాంతమున బారీ వర్తకముచే పెరిగినది. 1854లో తెఱవబడిన పురపాలక నాటకశాల ఆ జనమునకు చాలదయ్యెను. అప్పుడు ఒనోఫ్రియో, ఆంతోనియో పెత్రుజెల్లి యను సోదరులు, వర్తకులును ఓడలు కట్టించువారును, తమ ధనముతో గొప్ప నాటకశాల నిర్మింతుమని ముందునకు వచ్చిరి. 1896లో జరిగిన యొడంబడికచే పట్టణమువారు స్థలమిచ్చిరి. స్థలమొకరిది, కట్టడమొకరిది, ఈ చిన్న సంగతి నూఱేండ్ల తరువాత పెద్ద వ్యాజ్యమునకు విత్తనమైనది. వారి బంధువగు ఆంజెలో మెస్సేని యను ఇంజనీరు నమూనా గీసెను. 1898లో పని మొదలై 1903 ఫిబ్రవరి 14వ తేదీన తలుపులు తెఱవబడెను. ఆ రాత్రి ఆడినది మేయర్‌బేర్ కూర్చిన ‘హ్యూగెనాట్లు’ అను సంగీత నాటకము. 1572లో ప్యారిసునందు ప్రొటెస్టంటులను ఊచకోత కోసిన వృత్తాంతము దానికి మూలము. రోమను మతస్థుల పట్టణములో తొలిరాత్రి కీ కథ యెన్నుకొనబడుట మాకు విశేషముగా తోచినది.

లోపలి శాల గుఱ్ఱపులాడము ఆకారమున నుండును. లాడము నోటివైపున రంగస్థలము, కడుపున కుర్చీలు, చుట్టును అంతస్తులుగా బాక్సులు, వానిపై గ్యాలరీ. ఇటలీలో సంగీత నాటకశాలల కీ రూపము పూర్వమునుండి వచ్చుచున్నది. ఇందువలన పై అంతస్తువారు సైతము గాయకునికి మిక్కిలి దూరము కాకుందురు. ప్రేక్షకులు నటులనే కాక యొకరినొకరు చూచుకొనవచ్చును. ఈ రెండవ ప్రయోజనము మొదటిదానికంటె తక్కువ ప్రియమైనది కాదని మా యూహ. ఇట్టి శాలలలో లోపలి పనియందు కొయ్యయు పలుచని గచ్చును విస్తారముగా వాడుదురు. మన వీణెకు పనసకఱ్ఱ కుండ యెట్టిదో, ఒంటి కంఠమును నిండుగా వినిపించు ఆ శాలకు కొయ్య అట్టిది. శాలకు పైన గుమ్మటము. దానికి రఫాయెలె ఆర్మెనీసె యను చిత్రకారుడు వర్ణచిత్రములు వ్రాసెను.

దాదాపు తొంబదేండ్లు ఆ శాల సంగీతముతో మ్రోగెను. పవరొత్తి వంటి గాయకులు, నురెయెవ్ వంటి నర్తకులు అచట ప్రదర్శనము లిచ్చిరి.

స్వరమునకు మేలుచేయు కొయ్యయే నిప్పునకు మేత. 1991 అక్టోబరు 26, 27 తేదీల నడుమ రాత్రి శాల తగులబడెను. ఆ దినములలో అచట ఆడుచుండినది బెల్లీని ‘నోర్మా’. అందు నాయిక తుదకు చితి నెక్కును. ఇది కట్టుకథలో చదివినచో అతిశయోక్తి యందుము. తెల్లవారునప్పటికి కుర్చీలు, బాక్సులు, ఆర్మెనీసె చిత్రములు బూడిదయైనవి. గుమ్మటము కూలి క్రిందపడుటచే మంటలు కొంత అణగి, వెలుపలి గోడలు నిలిచినవట! ఇది ప్రమాదము కాదనియు, ఉద్దేశపూర్వకముగా నిప్పు పెట్టబడెననియు న్యాయస్థానములు నిర్ణయించినవి.

వెనీసు పట్టణమున ఫెనీచె నాటకశాల 1996లో ఇట్లే దుష్టుల చేతిలో కాలి, 2003లో మరల తెఱవబడెను. బారీ ప్రజలకు మాత్రము పదునెనిమిదేండ్లు పట్టినది. అందుకు ధనాభావ మొక్కటే కారణము కాదు. కాలిన గోడలెవరివి? మరల కట్టవలసినవారెవరు? కట్టిన పిమ్మట ఏలువారెవరు? సోదరుల వారసులు 1896నాటి పత్రము చూపిరి. పట్టణమువారును అదే పత్రము చూపిరి. 2006లో ప్రభుత్వము శాసనముచే శాలను పురపాలకసంఘమున కిప్పించెను. 2008లో రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనము చెల్లదనెను. బిడ్డ బ్రదుకునా యని వైద్యుడు చూచుచుండగా దాయాదులు ఆస్తి పంచుకొనినట్లున్నది.

అయినను పని సాగెను. పూర్వమున్నచోటనే, అవే గోడల నడుమ, లాడము ఆకారము చెడకుండ బాక్సులును గుమ్మటమును తిరిగి లేపిరి. ఇప్పుడు సుమారు 1,500 మంది కూర్చుండవచ్చును. కొలతలున్నచో కొయ్యను కొయ్యవలె, గచ్చును గచ్చువలె చేయించవచ్చును. ఆర్మెనీసె చేతి కుంచె మాత్రము తిరిగి రాదు. అందుచేత దీనిని పాత శాల యనవలెనా, క్రొత్త శాల యనవలెనా యని విద్యార్థులు వాదించుకొనవచ్చును. గోడల మాట కొచ్చినచో పాతది, గుమ్మటము మాట కొచ్చినచో క్రొత్తది యని మేమందుము.

2009 అక్టోబరు 4వ తేదీన బీథోవెన్ తొమ్మిదవ సింఫనీతో తలుపులు మరల తెఱవబడెను. ఆ డిసెంబరులో పుచ్చీని ‘తురందో’ ఆడుటతో సంగీత నాటకములును తిరిగి మొదలైనవి. స్వామ్యమును గూర్చిన వ్యాజ్యములు మాత్రము అటుపైనను చాలకాలము నడచినవి.