పలకమీది వ్రాత, మిషనులోని సంతకము

మార్కాపురపు పిల్లలకు పలకను గూర్చి మేము చెప్పనక్కరలేదు. మన నేలలో దొరకిన రాతితో చేసిన పలకలమీద ఎన్ని తరములవారో ఓనమాలు దిద్దిరి. తడిగుడ్డతో తుడిచి వేరొకటి వ్రాసినచో, మొదట నేమి యుండెనో యెవరును చెప్పజాలరు. పలకకు గల సుగుణమును అదియే, లోపమును అదియే. కంప్యూటరు ఫైలును ఇట్టిదే. అందొక యక్షరమును మార్చినను మచ్చ కనబడదు.

ఇప్పుడు మన బజారులోని బట్టల దుకాణములందును, మందుల దుకాణములందును, పెట్రోలు బంకులందును స్వైపింగు మిషను కనబడుచున్నది. దానియందు కార్డు నుంచి రహస్యసంఖ్యను నొక్కుదుము. ఆ మిషనును నడుపునది ప్రోగ్రాము. అప్పుడప్పుడు క్రొత్త ప్రోగ్రాము దూరమునుండి వచ్చి చేరును. దీనినే డౌన్‌లోడు అందురు. దుర్మార్గుడొకడు నడుమ ఆ ఫైలును మార్చి, మన రహస్యసంఖ్య తనకు చేరునట్లు చేసెనా, ఏడాదియంతయు మిరప పండించిన రైతు సొమ్ము గడియలో పోవును. మరి వచ్చిన ఫైలు మంచిదో కాదో మిషను ఎట్లెరుగును?

దీనికి సాధనము డిజిటల్ సంతకము. 1976లో డిఫీ, హెల్మన్ అను విద్వాంసులు దీని భావమును ప్రకటించిరి. 1977లో రివెస్టు, షమీరు, ఏడిల్మన్ అనువారు దానిని సాధించు నొక గణితపద్ధతిని కనుగొనిరి.

ఆ పద్ధతి యిట్టిది. మొదట ఫైలునంతటిని లెక్కలో వేసి యొక చిన్న ఫలితమును రాబట్టుదురు. దీని పేరు హ్యాష్. షా-256 అను విధానమున ఫైలెంత పెద్దదైనను ఫలితము 256 బిట్లే. ఫైలులో చుక్క మారినను ఫలితము వేరగును. ప్రోగ్రామును పంపువారు ఆ ఫలితముపై తమ రహస్యపు తాళపుచెవితో మరియొక లెక్క చేసి సంతకపు ఫైలును తయారు చేయుదురు. దానికి జతయైన బహిరంగపు తాళపుచెవిని ప్రమాణపత్రము మిషనునకు తెలుపును. దీనితో సంతకమును సరిచూడవచ్చునే గాని, క్రొత్త సంతకము చేయ వీలుపడదు. వ్రేలిముద్ర యన్ని కాగితములమీదను ఒక్కటే. ఈ సంతకమన్ననో ఫైలు ఫైలునకు వేరు. కావున ఒకదాని సంతకమును మరియొకదానికి తగిలించిన చెల్లదు.

అందుచేతనే ప్రోగ్రామును దాని సంతకపు ఫైలును జతగా చేరవలెను. మొన్న మా విద్యార్థి యొకడు తన తండ్రిగారి దుకాణమున జరిగిన సంగతి మాకు చెప్పెను. సిగ్నలు తెగుటచే ప్రోగ్రాము వచ్చెను గాని సంతకము రాలేదు. మిషను దానిని నడుపక నిలిచిపోయెను. బేరము పోవుచున్నదని తండ్రి విసిగి, ఆ పరీక్షను తప్పించి నడిపింతునన్న యెవరో బాటసారి చేతికి మిషను నీయబోయెను. కుమారుడు వలదని బ్రతిమాలెను. బ్యాంకువారికి తెలియజేసి రెండు ఫైళ్లను మరల దింపించుకొనగా పని సాగెను. “మాస్టారూ, మిషను చెడలేదు, తన పనియే చేసినది” అని బాలుడనిన మాట మాకెంతయు నచ్చినది.

అయితే సంతకమునకు హద్దు కలదు. అది ఫైలును దాచదు. దాచుటకు గూఢలేఖనమను వేరు పద్ధతి యున్నది. అది ప్రోగ్రాములో తప్పులేదనియు చెప్పదు. ఎవరి తాళపుచెవితో సంతకమైనదో, పిమ్మట ఫైలు మారలేదో లేదో, అంతమాత్రమే చెప్పును. కావున భారమంతయు రహస్యపు చెవిని కాచువారిపై నున్నది. రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయమున యెజెబెలు అహాబు పేరట తాకీదులు వ్రాసి, రాజముద్ర వేసి పంపెను. ముద్ర నిజమైనదే, వ్రాత యన్యాయము. నిరపరాధియైన నాబోతు ప్రాణము పోయెను. ఇట్టి కీడు కలుగకుండుటకే ఒక్కడే సంతకము చేయ వీలులేకుండ ఇద్దరి యనుమతి కోరు కట్టుబాటును జాగరూకులు పాటింతురు.

మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనము డిజిటల్ సంతకమునకు చట్టపు గుర్తింపు నిచ్చినది. కాని చట్టమొక్కటియే చాలదు. దుకాణదారులైన తల్లిదండ్రులారా, మిషను ఫైలును త్రోసిపుచ్చినపుడు బలవంతపెట్టకుడు. అపరిచితులకు దాని నప్పగింపకుడు. బ్యాంకువారు మున్ను తెలిపిన చోటికే వార్త పంపుడు. బాలబాలికలారా, మీ పేరు వ్రాయుటకు ముందు పైనున్నదానిని పూర్తిగా చదువుడు. సంతకము విలువ సిరాలో లేదు, చేసినవాని నమ్మకములో నున్నది.