పెద్ద స్పీకర్లు: కంటి కింపు, చెవి కింపు

పాటయన్న ప్రీతిగల యింటిలో నెప్పుడో యొకనాడు ఈ వివాదము పుట్టక మానదు. ఇంటి యజమాని నడుమెత్తు, ఒక్కొక్కప్పుడు రొమ్మెత్తు గల రెండు పెద్ద స్పీకరుపెట్టెలను కొనదలచును. ఇల్లాలు ముందుగదిని కలయజూచి, "ఇవి యెక్కడ నుంచవలె?" నని యడుగును. అంతట నొకరు సంగీతరసికులనియు, మరియొకరు సామానుల పొందిక తప్ప మరేమియు నెరుగనివారనియు తీర్పు జరిగిపోవును. పాశ్చాత్యదేశములలో ఈ యంత్రములను గూర్చి వ్రాయు పత్రికలు దీనికొక పరిహాసపు పేరు కూడ పెట్టినవి. 1980ల నాటినుండి అవి 'భార్య యొప్పుకొను పాలు' అను నొక కొలతను వాడుచు వచ్చినవి. పెట్టె యెంత చిన్నదై యెంత ముద్దుగా నున్న ఈ పాలు అంత హెచ్చునట! సోదరీమణులు దీనిని విని నవ్వవచ్చును, మేమును నవ్వితిమి. కాని యీ మాటలో రెండు దోషములు గలవు. చూపు స్త్రీలదనియు, వినికిడి పురుషులదనియు ననుట మొదటిది. చూపును వినికిడియు నొకదానికొకటి పగయనుట రెండవది.

మొదటిదానిని పరీక్షయే త్రోసివేసినది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను శబ్దశాస్త్రజ్ఞు లిరువురు అమెరికాలో నలుబదిమందిని గూర్చుండబెట్టి నాలుగు విధముల స్పీకర్లను వినిపించి, వాటికి మార్కులు వేయించిరి. ఒకమారు స్పీకర్లు తెరచాటున నుండెను. ఒకమారు కన్నులయెదుట నుండెను. పాటలు అవే, గది అదే. అయినను తెర తొలగినంతనే మార్కులు మారిపోయెను. పెద్దవియు వెలగలవియు నగు పెట్టెలకు మెప్పు పెరిగెను. చిన్నదియు చవుకయు నగు దానికి తెరచాటున దొరకిన మెప్పు కన్నులయెదుట దొరకదయ్యెను. వినుటయందు ఆరితేరినవారును, క్రొత్తవారును, ఇరుదెగలవారును ఈ మోహమునకు లోబడిరి. కాబట్టి కన్ను చెవిని మోసగించుట స్త్రీల సొత్తుగాదు. "నాకు రూపముతో పనిలేదు, శబ్దమే చాలు" ననువారే నల్లగా నిగనిగలాడు పొడవైన పెట్టెను జూచి, పాట వినకమునుపే తలయూపుట మనమెరుగనిది కాదు.

ఈ సంగతి తెలిసినది గావున, మా యింటికి స్పీకర్లు కొనుటకు పట్టణమునకు పోయినప్పుడు మేమొక పలుచని మల్లుచీరను సంచిలో పెట్టుకొని పోయితిమి. అంగడివాడు మూడు జతలను వరుసగా నిలిపెను. రెండు బీరువాల నడుమ ఆ చీరను ఒక్క పొరగా తెరకట్టించి, అంగడి కుర్రవానిని తీగలు మార్చి మార్చి తగిలింపుమని, మేము వెలుపల కూర్చుంటిమి. అంగడివాడు మొదట విసుగుకొనెను. పిదప తానును కుర్చీ తెచ్చుకొని కూర్చుండెను. ఒక స్త్రీ కంఠముతో పాడిన కీర్తన, ఒక వీణపాట, మృదంగము తని యావర్తనము, ఈ మూడే మరల మరల వింటిమి. ఇచ్చట నొక జాగ్రత్త కావలెను. రెండిటిలో కొంచెము బిగ్గరగా మ్రోగునదే మేలయినదని చెవికి తోచును. అందుచేత జతజతకును ధ్వని సమానమగునట్లు బొత్తామును సవరింపించుకొనవలెను. తెర తీయగా తేలినదేమనగా, మావారు గుమ్మములోనే వలచిన నిగనిగల నల్లపెట్టెలలో పాడిన యామె కుండలో నోరుపెట్టి పాడినట్లుండినది. మిక్కిలి చిన్నజతలో కంఠము తేటగా నుండెను గాని మృదంగపు ఎడమప్రక్క పలుకు పలకగా వినవచ్చెనే గాని గుమికి లేదు. నడుమనున్న సాదా కొయ్యరంగు జత రెండిటిని నిలుపుకొనెను.

ఇక ఈ పెట్టెలు ఇంత పెద్దవిగా నుండుట కేవలము దర్పమునకేనా యని యడుగవచ్చును. కాదు. నేటికిని మన యిండ్లలోని స్పీకర్లలో నూటికి తొంబదిపాళ్లు 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనువారు ప్రకటించిన పద్ధతినే నడచుచున్నవి. అయస్కాంతపు సందున నొక తీగచుట్ట. ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. తీగలో విద్యుత్తు మారినకొలది చుట్ట ముందు వెనుకల కాడును, గరాటు గాలిని త్రోయును. తారస్థాయి స్వరమునకు కదలవలసిన గాలి కొంచెము. మంద్రమునకు చాల హెచ్చు. 12 అంగుళముల గరాటునకు 6 అంగుళముల గరాటుకంటె నాలుగింతల ముఖము గలదు గావున, అది మెల్లగా కదలియే ఆ గాలిని త్రోయగలదు. మరియు గరాటు ముందునకు గాలిని త్రోయునప్పుడు వెనుక గాలిని లాగుచుండును. ఈ రెండును కలిసికొన్నచో మంద్రస్వరము తనలో తానే చెల్లిపోవును. వాటిని వేరుచేయుటకే పెట్టె. కె.ఎల్.హెచ్. అను కంపెనీ స్థాపకులలో నొకరైన హాఫ్‌మన్ దీనినిగూర్చి యొక నియమము చెప్పెను: చిన్నపెట్టె, లోతైన మంద్రము, కొద్ది విద్యుత్తుతో పెద్దధ్వని, ఈ మూడింటిలో రెండే యొకచోట దొరకును. మూడును ఇత్తుమని చెప్పు ప్రకటనను నమ్మరాదు.

ఈ నియమమునకు లోబడియే గృహశోభను కాపాడ యత్నించిన నేర్పరులు కొందరు గలరు. వారిలో పాల్ క్లిప్‌ష్ చేసిన యుక్తి మాకు మిక్కిలి నచ్చినది. 1946లో అతడు అమ్మకమునకు చేయ మొదలిడిన 'క్లిప్‌ష్‌హార్న్' అను స్పీకరు గదిమూలలో నొదిగి కూర్చుండును. లోనున్న కొమ్మువంటి మార్గము మూలగోడలనే తన కడపటి భాగముగా వాడుకొనును. అనగా గదియే వాద్యమున కొక యంగమగును. ఎడ్గార్ విల్చర్ 1954లో వేరుత్రోవ త్రొక్కెను. పెట్టెను గాలిచొరకుండ మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా జేసి, పుస్తకముల బీరువాలో నిముడు పెట్టెనుండి లోతైన మంద్రమును రప్పించెను. హాఫ్‌మన్ నియమము ప్రకారము దానికి వెల కట్టక తప్పలేదు. దానిని మ్రోగించుటకు బలమైన ఆంప్లిఫయరు కావలసి వచ్చెను. 1957లో జె.బి.ఎల్. వారు 'పారగాన్' అను పేరుతో ఎనిమిదిన్నర అడుగుల వెడల్పుగల వంపుకొయ్య సామానునే స్పీకరుగా చేసిరి. ఆ యేటనే ఇంగ్లండులో పీటర్ వాకర్ కాగితపు గరాటు లేకుండ, పలుచని పొరను విద్యుదాకర్షణచే కదలించు 'క్వాడ్' స్పీకరును వెలువరించెను. మనుష్యకంఠమునకు దానిని మించినది అరుదని రసికులు నేటికిని చెప్పుదురు; చూచుటకు మాత్రము చలిదేశములవారు గది వెచ్చబెట్టుకొను ఇనుపచట్రమువలె నుండును!

అసలు కలహము పెట్టె రూపమున గాదు, దానిని నిలుపు చోటున గలదని మా యభిప్రాయము. ఇల్లాలు దానిని గోడకానించి మూలకు జరుపగోరును. నడచుటకు త్రోవయుండవలెను గదా. కాని గోడకు దగ్గరైనకొలది మంద్రము బలియును, మూలకు జరిగినచో ఇంకను బలియును. మూలకొరకే చేసినది గాక తక్కినవన్నియు అచ్చట గొణుగుచు మ్రోగును. వెనుకభాగమున రంధ్రముగల పెట్టెలకు ఈ పీడ హెచ్చు. రంధ్రము ముందున్నవి గాని, పూర్తిగా మూసినవి గాని కొంత సహించును. గదికి కూడ తనదగు శ్రుతియొకటి యుండును. ధ్వని సెకనుకు ఇంచుమించు 343 మీటర్లు పోవును గావున, 14 అడుగుల పొడవుగల గదిలో సెకనుకు 40 కంపనముల స్వరము గోడగోడకును తగిలి నిలిచి, కొన్నిచోట్ల ఉరుమువలెను, కొన్నిచోట్ల ఏమియు లేనట్లును వినబడును. ఇట్టి గదిలో ఏనుగంత స్పీకరు నిలిపి ప్రయోజనమేమి?

మన భరతముని ఈ సంగతిని ఏనాడో యోచించెను. నాట్యశాస్త్రము రెండవ యధ్యాయమున నాటకశాలలను కొలతలతో విభజించి, మనుష్యులకు అరువదినాలుగు హస్తముల పొడవును ముప్పదిరెండు హస్తముల వెడల్పును గల మధ్యమశాలయే తగినదనెను. అంతకు పెద్దదైనచో పాత్రల మాట స్ఫుటముగా వినబడదు. వారి ముఖమునందలి భావమును కానరాదు. శాల కొండగుహవలె నుండవలెననియు, కిటికీలు చిన్నవిగా నుండి గాలి వీవరాదనియు, అప్పుడే స్వరము గంభీరమగుననియు విధించెను. చూపును వినికిడిని ఒకే కొలబద్దతో కొలిచినవాడాయన.

మన క్రొత్తయిండ్లకు గుహలక్షణ మబ్బలేదు. నేలనిండ నున్నని టైల్సు, గోడలపై నేమియు నుండరాదను ఫాషను. గది నడుమ నిలిచి చప్పట్లు కొట్టిన, ఆ చప్పుడు గణగణమని వెనుకకు వచ్చినచో అచ్చట ఎంత వెలగల స్పీకరైనను కంఠమును కలచివేయును. జంపకానము, దళసరి తెరలు, పరుపువేసిన సోఫా, ఎగుడుదిగుడుగా పుస్తకములు పేర్చిన అరలు, ఇవి శబ్దమునకు చేయు మేలు ఆంప్లిఫయరు మార్చినను రాదు. ఇది పూర్తిగా ఇల్లాలి యధికారములోనిది గదా! మరియొక మాట. పాశ్చాత్యులు కుర్చీలో గూర్చుండి వినువారు గావున పొడవాటి స్పీకర్లలో తారస్థాయిని పలుకు చిన్నబుడిపె మూడడుగుల యెత్తున నుండును. సన్నని ధ్వనులు సూటిగా పోవునవి. చాపపై గూర్చుండి వినువారి చెవి రెండున్నర అడుగులకు మించదు. అట్టి యింటివారు పొట్టిజతను గాని, కొంచెము వెనుకకు వాలి నిలుచుదానిని గాని కోరుకొనవలెను.

కొయ్యను గూర్చి మన స్త్రీలలో నొక భ్రమ గలదు. మా యత్తగారి వీణ బొబ్బిలిలో పనసకొయ్యతో చేసినది. దాని కుండ తీగతో పాటు పలుకుటయే దాని గొప్ప. స్పీకరుపెట్టె దీనికి సరిగా విరుద్ధము. అది మూగదై యుండవలెను. పలికినచో ప్రతి పాటకును తన గొంతు కలుపును. కాబట్టి మంచి టేకుపలకతో చేయలేదని అంగడివానిని నిందింప పనిలేదు. పొట్టునొత్తి చేసిన బరువైన ఎం.డి.ఎఫ్. పలకపై పలుచని టేకుపొర నంటించినది మోసముగాదు, శాస్త్రసమ్మతమే. వ్రేలిముడితో ప్రక్కగోడను తట్టి చూడవలెను. డబ్బావలె మ్రోగునది పనికిరాదు. ఎం.డి.ఎఫ్.కు నీరు పగ. అంచుల పొర లేచినచోట తేమ దిగి పలక ఉబ్బును. సముద్రతీరపు ఊళ్లవారు తడిబట్టతో నేల తుడుచునప్పుడు దీనిని మరువరాదు. అడుగున చిన్నపీట యుండుట మేలు. అద్దమువంటి నల్లమెరుగు పైన దుమ్మును, పిల్లల వ్రేలిగుర్తులును దినదినము కనబడును. సాయంకాలపు దీపము కూడ అందులో ప్రతిఫలించి కన్నులను బాధించును.

రూపముకొరకు మనము చేయు కొన్ని యలంకారములు శబ్దమునకు హాని. పెట్టె ముందు బుటేదారు పట్టుగుడ్డ కప్పినచో సన్నధ్వనులన్నియు దానిలోనే ఇంకిపోవును. కంపెనీవారు బిగించిన పలుచని జాలిగుడ్డ చాలును. పైన నుంచిన పూలకూజా మంద్రస్వరమునకు గలగలలాడును, ఒలికినచో చెప్పనక్కరలేదు. రాగిబొమ్మలును అంతియే.

చంటిబిడ్డలున్న యింటిలో సొగసుకంటెను, శబ్దముకంటెను ముందు చూడవలసినదొకటి గలదు. సన్నగా, పొడవుగా నుండు పెట్టెలు నేడు ఫాషను. పసివాడు పట్టుకొని లేచినచో అట్టిది మీదికి వాలును. ఒక్కొక్కటి ఇరువది ముప్పది కిలోల బరువుండును. అడుగున వెడల్పైన పీఠము గలదానినే తీసికొనవలెను. అది లేనిచో పై యంచును గోడకు పటకాతో బిగింపింపవలెను. మా చెల్లెలుగారి యింట పిల్లవాడు నడచునంతవరకు పెద్దజతను పడకగదిలో పెట్టి తాళము వేసిరి. ఆ యేడు పాటలు లేవు, ఏడుపులును లేవు.

కొనుటకు ముందు చేయదగిన తేలికపని యొకటి చెప్పెదము. పెట్టె కొలతలు వ్రాసికొని వచ్చి, అట్టపెట్టెలను అంటించి అదే యెత్తు, అదే వెడల్పు గల బొమ్మలను చేసి, నిలుపదలచిన చోట, గోడకు అడుగున్నర యెడముగ, ఒక వారముంచి చూడవలెను. చీపురు తిరుగునో లేదో, బీరువా తలుపు తెరచుకొనునో లేదో, అత్తగారి వాలుకుర్చీకి చోటు మిగులునో లేదో తేలిపోవును. మా యింట రెండవనాడే నాలుగడుగుల యూహ మూడడుగులకు దిగినది.

పాతజతలు చవుకగా దొరకుననువారు గరాటు చుట్టునుండు మెత్తని అంచును పరికింపవలెను. పూర్వము చాలవాటికి నురుగుస్పంజి అంచు వేసిరి. అది పది పదునైదేండ్లకు, మన తేమగాలిలో నింకను ముందుగనే, వ్రేలితో తాకిన రాలిపోవును. రబ్బరు అంచు చాలకాలము మన్నును. జాలిగుడ్డ చట్రమును తీయనిచ్చి, లోన చూపనివానికి బయానా ఈయరాదు. అంచు మాత్రమే చెడి గరాటును తీగచుట్టయు బాగుండినచో, క్రొత్త అంచు అంటించు పనివారు పెద్దపట్టణములలో నున్నారు. ఆ కూలిని ముందే విచారించి వెలలో తగ్గించి బేరమాడవచ్చును.