మయూరి మళ్ళీ ఆడింది... మరి మధ్యలో ఏం జరిగింది?

సినిమాలో హీరోయిన్ కాలు బెణికిందనుకోండి. హీరోగారు పరిగెత్తుకొస్తారు. ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని ఒక్క లాగు లాగుతారు. "అబ్బా!" అంటుంది హీరోయిన్. కట్ చేస్తే ఊటీలో డ్యూయెట్! హాల్లో ఈలలే ఈలలు!

చూడ్డానికి భలే ఉంటుంది గాని, నిజంగా కాలు బెణికిన అమ్మాయికి లాగితే వచ్చేది డ్యూయెట్ కాదు సుమా, వాపు!

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఒక్కసారి చూడండి. హాస్టళ్ళలో ఉండి చదువుకునే అమ్మాయిలు, కోచింగ్ సెంటర్ల మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కిదిగే అమ్మాయిలు, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం వైపు బ్యాగు తగిలించుకుని నడిచే అమ్మాయిలు, పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసేవాళ్ళు, కూచిపూడి నేర్చేవాళ్ళు, జుంబా అంటూ చెమటలు కక్కేవాళ్ళు... మన అమ్మమ్మల కాలంలో లేని హుషారు ఇది. సంతోషమే! కాని ఆడే ఒంటికి దెబ్బ తగలకుండా చూసుకోవడం, తగిలితే పద్ధతిగా కోలుకోవడం నేర్పేవాళ్ళే తక్కువ.

అబ్బాయిలూ, పేజీ తిప్పేయకండి! మీ ఇంట్లోనూ అక్కో చెల్లెలో ఉంటుంది కదా!

మయూరి చెప్పే పాఠం

సుధాచంద్రన్ పేరు వినని సినిమా అభిమాని ఉంటారా? 1981లో తమిళనాడులో జరిగిన ప్రమాదంలో ఆమె కాళ్ళకు గాయాలయ్యాయి. మొదట స్థానికంగా చికిత్స జరిగింది. ఆ తర్వాత మద్రాసులో చూసేసరికి కుడికాలికి గాంగ్రీన్ పాకింది. ప్రాణం దక్కాలంటే కాలు తీసేయక తప్పలేదు. భరతనాట్యమే ఊపిరిగా పెరిగిన పిల్ల! ఆ తల్లిదండ్రుల గుండె ఎలా తట్టుకుందో ఊహించండి.

జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, చేతిపని నిపుణుడు రామచంద్ర శర్మ కలిసి తయారుచేసిన కృత్రిమ పాదం ఆమెకు ఆసరా అయింది. సేథీగారికి రామన్ మెగసెసె అవార్డు వచ్చింది కూడా ఆ 1981లోనే. 1984లో సుధ మళ్ళీ వేదికెక్కింది. 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, ఉషాకిరణ్ మూవీస్ పతాకాన 'మయూరి' వచ్చింది. తన కథలో తానే నటించింది. జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ పురస్కారం వరించింది. 1986లో హిందీలోనూ నాచింది మయూరి!

మనం ఇంతవరకే గుర్తుపెట్టుకుంటాం. "ఆత్మబలం అంటే అది!" అని చప్పట్లు కొడతాం. కాని 1981కీ 1984కీ మధ్య ఏమున్నట్టు? ముందు నిలబడడం, తర్వాత నడవడం, ఆ తర్వాత ఒక్కొక్క అడుగు, చివరికే నాట్యం. ఆత్మబలం ఆమెను రోజూ లేపింది, నిజమే. కాని నడిపించింది మాత్రం వరస! ఒక మెట్టు కుదిరాకే రెండో మెట్టు. తెర మీద ఒక్క పాటలో గడిచిపోయే కాలం ఒంటి మీద నెలల తరబడి నడుస్తుంది.

అమ్మాయిల మోకాలికే ఎందుకు?

గెంతే, ఒక్కసారిగా మలుపు తిరిగే ఆటల్లో మోకాలి లోపలి లిగమెంటు, అదే డాక్టర్లు ఏసీఎల్ అనేది, తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం, తొడ వెనక కండరాలు, తుంటి కండరాలు తగినంత బలంగా లేకపోవడం ముఖ్య కారణాలు. చిన్నప్పటినుంచి "గెంతకే, పరిగెత్తకే" అని కూర్చోబెట్టి, పద్దెనిమిదేళ్ళకు ఒక్కసారి మైదానంలోకి దించితే కండరం మాత్రం ఏం చేస్తుంది పాపం!

దీనికి మందు ఖరీదైంది కాదు. అద్దం ముందు నిలబడి నెమ్మదిగా సగం గుంజీలు తీయండి. మోకాలు పాదం వేళ్ళ దిశలోనే వంగాలి, లోపలికి వాలకూడదు. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. హాస్టల్ మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించండి. గెంతితే పిల్లిలా చప్పుడు లేకుండా దిగండి. ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించండి. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలతో నార్వేలో ఇలాంటి కసరత్తు వరసగా చేయించి చూస్తే గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2008లోనే తేలింది.

నాట్యం నేర్చే చెల్లెమ్మలకు ఇంకో మాట. సిమెంటు గచ్చు మీద, పాలరాయి మీద ఉత్తకాళ్ళతో గంటలకొద్దీ అడుగులు వేస్తే ఆ అదురంతా మడమకూ, ముంగాలి ఎముకకూ తగులుతుంది. వీలైతే చెక్క నేల చూసుకోండి. లేకపోతే గట్టి అడుగులు తగ్గించి, ఆ సమయం అభినయానికి ఇవ్వండి. పోటీ దగ్గర పడిందని గంట ప్రాక్టీసును ఒక్కసారిగా మూడు గంటలు చేయకండి!

ఖాళీ కడుపుతో హీరోయిజమా?

సన్నబడాలని టిఫిన్ మానేసి, సాయంత్రం పరుగెత్తే అమ్మాయిలున్నారు. తిండి చాలకపోతే ఒళ్ళు మొదట పొదుపు చేసేది ఎక్కడో తెలుసా? నెలసరి తప్పుతుంది. వెనకే ఎముక పలచబడుతుంది. ఆ ఎముకకు సన్నటి పగులు వస్తుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే "పీడ వదిలింది" అనుకోకుండా డాక్టరమ్మకు చెప్పండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే త్వరగా అలసట, అలసిన కాలు తడబడుతుంది. తోటకూర పప్పు, ఉడికిన శనగలు, మాంసం తినేవాళ్ళకు కాలేయం మంచివి. పైన నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు. రాగి, నువ్వులు, పెరుగు ఎముకకు నేస్తాలు.

దెబ్బ తగిలిందా? లాగకండి!

ఆట ఆపేయండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం వద్దు, మాలిష్ వద్దు. బెణుకు లాగేవాళ్ళ దగ్గరికి అసలే వద్దు.

నాలుగడుగులు కూడా వేయలేకపోతే, ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయినట్టుంటే, మోకాల్లో 'టప్' మని వినిపించి గంటల్లో వాస్తే, ఎక్స్‌రేకు వెళ్ళాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్ళే మెట్రో ఎర్ర లైను మీదే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనూ ఉంది, నిమ్స్ ఉన్న పంజగుట్ట స్టేషనూ ఉంది. కట్టు కట్టాక వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకండి! చర్మం చిట్లిన గాయం మీద కట్టు పడితే లోపల ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోండి. మయూరి కథ మొదలైంది అక్కడేనని మరవకండి.

విజేతలు చెప్పని రీలు

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజానికి గాయమైంది. ఏడాది పాటు రింగుకు దూరం. ఆగింది, కోలుకుంది, 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది! సైనా నెహ్వాల్ 2016లో మోకాలి ఆపరేషన్ తర్వాత 2017 జనవరిలో మలేసియాలో టైటిల్ గెలిచింది. అదే సైనా 2024లో తన మోకాళ్ళకు ఆర్థరైటిస్ ఉందని నిజం దాచకుండా చెప్పింది. పి.వి. సింధు 2022 ఆగస్టులో చీలమండ నొప్పితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి, ప్రపంచ పోటీలు వదులుకుని, 2023 జనవరికి గాని కోర్టులో దిగలేదు.

సింధు నొప్పితో ఆడింది గదా అని మీరు వాదించవచ్చు. ఆమె వెంట ఫిజియో ఉన్నారు, ముందు దేశానికి పతకం ఉంది. కాలేజీ ఫంక్షన్ డ్యాన్సు కోసం మీరు అంత మూల్యం చెల్లించాలా?

కోలుకున్నట్టు గుర్తేమిటంటే నొప్పి తగ్గడం ఒక్కటే కాదు. వాపు పూర్తిగా పోవాలి. దెబ్బ తగిలిన కాలు రెండో కాలితో సమానంగా వంగాలి, సమానంగా బరువు మోయాలి. నొప్పి లేకుండా నడిచాకే పరుగు, పరుగు కుదిరాకే గెంతు, ఆ తర్వాతే ఆట. మామూలు బెణుకు కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఏసీఎల్ ఆపరేషన్ అయితే మైదానానికి కనీసం తొమ్మిది నెలలు. "ఇంకెన్నాళ్ళే?" అని స్నేహితురాళ్ళు తొందరపెడతారు. "నీకెందుకే ఈ ఆటలు?" అని ఇంట్లోవాళ్ళు శాశ్వతంగా ఆపేయమంటారు. రెండు మాటలూ వినకండి! ఆగమన్నది కాలు బాగుపడే దాకానే గాని, జన్మంతా కాదు.

ఈసారి టీవీలో 'మయూరి' వస్తే చివరి నాట్యానికి చప్పట్లు కొట్టండి. ఆ నాట్యం వెనక ఓపిగ్గా గడిచిన మూడేళ్ళకు ఇంకో రెండు చప్పట్లు ఎక్కువ కొట్టండి. ఏమంటారు?