వెంట్రుక ముందు ఉక్కు ఎందుకు ఓడుతుంది?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు ఉక్కు కొత్త కాదు. శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో ఇనుము, ఉక్కు పరిశ్రమలదే పెద్దపీట. అయినా ఉక్కు బ్లేడు అక్కడా, ఎక్కడైనా కొన్ని షేవింగ్‌లకే మొద్దుబారుతుంది. వెంట్రుక కంటే ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. మరి ఎందుకిలా?

అరుగుదల ఒక్కటే కారణం కాదని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు అంతర్నిర్మాణం ఒకే తీరుగా లేని చోట అంచు సూక్ష్మంగా పెచ్చులూడుతుంది.

అందుకే బ్లేడు కంటే ముందు గడ్డాన్ని సిద్ధం చేయాలి. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడిపితే వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది. తక్కువ బలానికే తెగుతుంది. షేవింగ్ అయ్యాక బ్లేడును కడిగి, విదిలించి, గాలికి ఆరబెట్టాలి. టవల్‌తో తుడిస్తే అంచు దెబ్బతింటుంది. వెంట్రుకలు లాగినట్టు అనిపిస్తే బ్లేడు మార్చేయాల్సిందే.

సెలూన్‌లో మాత్రం పదును కంటే పెద్ద సమస్య ఉంది. ఒకరికి వాడిన బ్లేడుపై కంటికి కనిపించనంత రక్తం ఉన్నా హెపటైటిస్-బి మరొకరికి సోకవచ్చు. ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. నీళ్లతో కడిగితే పోదు. కాబట్టి కుర్చీలో కూర్చోగానే కొత్త బ్లేడును కళ్లముందే విప్పి కత్తికి బిగించమని అడగాలి. అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.